ట్రయల్‌లో రెండో స్థానం వచ్చిన పాపను వదిలేసి నాలుగో పాపను పంపొచ్చా?

ఒడిశాలోని రాయగడ నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. క్లుప్తంగా చెప్తాను. వాళ్ళ పాప చక్రాల స్కేట్ల మీద మొదలుపెట్టింది, రెండేళ్ళుగా సెలవులన్నీ గురుగ్రామ్‌లో ఐస్ మీదే గడుపుతోంది. విదేశంలో జరిగే ఒక జూనియర్ ఫిగర్ స్కేటింగ్ పోటీకి ఇద్దరు అమ్మాయిల్ని ఎంచడానికి ట్రయల్ పెడితే రెండో స్థానం వచ్చింది. తీరా జాబితా వచ్చేసరికి అందులో మొదటి పాప, నాలుగో పాప ఉన్నారు. ఇదేంటని అడిగితే "ఆ పిల్లకి ఇంటర్నేషనల్ స్టాండర్డ్ ఉంది" అన్నారట. ఇది న్యాయమేనా, అసలు ఫెడరేషన్లు పిల్లల్ని ఎలా ఎంచాలి, ఇంక కొత్త బూట్లూ బ్లేడ్లూ కొనడం దండగేనా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. నాలుగో పాపను తీసుకోవడం దానంతట అది తప్పు కాదు. ఏ లెక్కన తీసుకుంటారో ట్రయల్‌కి ముందే కాగితం మీద రాసి అందరికీ ఇవ్వకపోవడం తప్పు. అలా రాసి ఇవ్వనప్పుడు ఒకటి, రెండు స్థానాల వాళ్ళనే వరసగా పంపినా నేను దాన్ని మంచి సెలక్షన్ అనను. ఆ ఏడాది గొడవ రాలేదు, అంతే.

నేను బరంపురంలో ఇరవై రెండేళ్ళుగా పిల్లలకి ఆర్టిస్టిక్ స్కేటింగ్ నేర్పుతున్నాను, ఎక్కువగా చక్రాల మీదే. మధ్యలో ఆరేళ్ళు సెలక్షన్ కమిటీల్లో, టెక్నికల్ ప్యానెళ్ళలో కూర్చున్నాను, రెండుసార్లు పిల్లల జట్టుకి మేనేజర్‌గా వెళ్ళాను. కాబట్టి బయట నిలబడి తిట్టే మనిషిని కాదు, లోపల కూర్చుని తప్పులు చేసిన మనిషిని కూడా. అవీ చెప్తాను.

మీ ప్రశ్నలో మీరు మాటవరసకి రాసిన ఒక ముక్క దగ్గర నేను ఆగిపోయాను. "మొన్న ఆగస్టులోనే పాపకి 13 నిండాయి" అన్నారు. అమ్మా, అసలు కిటుకు అక్కడే ఉండొచ్చు. ఐస్ ఫిగర్ స్కేటింగ్‌లో వయసుని పోటీ తేదీని బట్టి చూడరు, సీజన్ మొదలయ్యే జూలై 1ని బట్టి చూస్తారు. జూనియర్ స్థాయి అంతర్జాతీయ పోటీలో దిగాలంటే ఆ జూలై 1కి ముందే 13 నిండి ఉండాలి. ఆగస్టులో నిండాయి అంటే ఈ సీజన్ మొత్తానికీ మీ పాప లెక్కలో 12 ఏళ్ళ పిల్లే. అప్పుడు ట్రయల్‌లో మొదటి స్థానం వచ్చినా ఆ పోటీకి పేరు పంపడానికి వీల్లేదు. నోవిస్ అనే చిన్నపిల్లల విభాగంలో మాత్రమే పంపొచ్చు.

ఇది మీ పాప ఒక్కదానికే జరిగింది కాదు. జపాన్ అమ్మాయి మావో అసాదా 1990 సెప్టెంబర్ 25న పుట్టింది. 2005 డిసెంబర్‌లో టోక్యోలో జరిగిన గ్రాండ్ ప్రి ఫైనల్లో పెద్దవాళ్ళందర్నీ దాటి గెలిచింది. రెండు నెలల తరవాత వచ్చిన 2006 టొరినో ఒలింపిక్స్‌కి మాత్రం వెళ్ళలేదు. అప్పటి రూలు ప్రకారం 2005 జూలై 1కి ముందే 15 నిండాలి, ఆమెకి మూడు నెలలు కూడా లేని తేడాతో తప్పిపోయింది. మినహాయింపు ఇవ్వాలని అప్పట్లో చాలామంది అన్నారు, ఇవ్వలేదు. నాకు ఆ పిల్ల మీద జాలి వేసింది గానీ రూలు మీద కోపం రాలేదు, ఎందుకంటే అది అందరికీ ముందే తెలిసిన రూలు.

ఆ తరవాత పెద్దల విభాగం వయసుని ఇంకా పెంచారు. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో 15 ఏళ్ళ కమీలా వలియెవా డోపింగ్ కేసు చూశాక, ఆ జూన్‌లో థాయిలాండ్‌లోని ఫుకెట్‌లో కూర్చున్న ఐఎస్‌యూ, అంటే అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్, సీనియర్ వయసుని 15 నుంచి మెట్లుమెట్లుగా 17కి తీసుకెళ్ళింది. 2023-24లో 16, 2024-25 నుంచి 17. దీనివల్ల మనకి ఒరిగే మంచి ఏంటంటే, పదమూడేళ్ళ పిల్లని రెండేళ్ళలో పిండేయాల్సిన తొందర ఫెడరేషన్లకి ఇప్పుడు లేదు. ఉండకూడదు కూడా.

అయితే ఒకటి. మూడో పాప సంగతి మీరు రాయలేదు. ఆమెని కూడా దాటి నాలుగో పాప దగ్గరికి వెళ్ళారంటే వయసు ఒక్కటే కారణం కాకపోవచ్చు. పైగా వయసే కారణమైతే మీ దగ్గర ఎంట్రీ ఫీజు తీసుకున్న రోజునే చెప్పాలి కదా, పుట్టినతేదీ ఫారంలోనే ఉంటుంది. స్టాండర్డ్ అనే మాట ఎందుకు వాడాలి?

నాలుగో పాపకి ఉండగలిగే నిజమైన కారణాలు. ఒకటి, టెక్నికల్ కనీస మార్కు. వరల్డ్ జూనియర్స్, ఫోర్ కాంటినెంట్స్ (యూరప్ కాని దేశాల పోటీ), వరల్డ్స్ లాంటి పోటీల్లో దిగాలంటే షార్ట్ ప్రోగ్రామ్ అనే చిన్న ప్రదర్శనలో ఇంత, ఫ్రీ స్కేటింగ్ అనే పెద్ద ప్రదర్శనలో ఇంత అని టెక్నికల్ మార్కు, అంటే జంపులూ స్పిన్‌ల లాంటి అంశాలకి వచ్చే మార్కు, ముందే సంపాదించి ఉండాలి. అది మన దేశంలో మనం పెట్టుకున్న పోటీల్లో వచ్చినా చెల్లదు, ఐఎస్‌యూ గుర్తించిన అంతర్జాతీయ పోటీలోనే రావాలి, అదీ ఈ సీజన్‌లో గానీ కిందటి సీజన్‌లో గానీ. రెండు, మూడు, నాలుగు స్థానాల పిల్లల్లో నాలుగో పాపకి ఒక్కదానికే ఆ మార్కు ఉంటే, మీ పాప ట్రయల్‌లో పది మార్కుల తేడాతో గెలిచినా అక్కడ గేటు దాటలేదు. ఆ జాబితా చూసి నేనైనా నాలుగో పాపనే పంపుతాను.

రెండోది చెప్తే ఇక్కడ కొందరు కోచ్‌లకి నచ్చదు. మన ట్రయల్ మార్కులు చాలాసార్లు నిజం మార్కులు కావు. డబుల్ ఏక్సెల్ అనే జంప్‌కి మూల విలువ 3.30. గాల్లో రెండున్నర చుట్లు తిరగాలి. పావు చుట్టు కంటే ఎక్కువ తగ్గితే ఆ విలువలో 80 శాతమే ఇస్తారు, అంటే 2.64. సగం చుట్టు తగ్గితే దాన్ని సింగిల్ ఏక్సెల్ కిందే కడతారు, 1.10. నిలబడి దిగినా సరే, పడినా సరే. ఆ తేడా మామూలు కంటికి ఆనదు, వీడియో వెనక్కి తిప్పి నెమ్మదిగా చూడాలి. అందుకే పెద్ద పోటీల్లో రీప్లే పెట్టుకుని ముగ్గురు టెక్నికల్ వాళ్ళు విడిగా కూర్చుంటారు, పక్కన జడ్జీలు ప్రతి అంశానికీ మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా నాణ్యత మార్కు వేస్తారు. మన ట్రయల్స్‌లో ఏం జరుగుతుంది? రీప్లే ఉండదు, పిల్ల నిలబడితే అందరం చప్పట్లు కొడతాం, 3.30 పడిపోతుంది. అలాంటి జంపులు మూడున్న పిల్ల ఇక్కడ రెండో స్థానంలో ఉంటుంది, సరైన ప్యానెల్ ముందు పెడితే ఐదో స్థానానికి జారుతుంది. మీ పాప అలాంటిదని అనడం లేదు, నేను చూడలేదు. ఒక ఫోన్‌ని స్టాండు మీద పెట్టి ప్రతి ప్రోగ్రామూ తీస్తే ఈ గొడవలో సగం తీరిపోతుంది, పైసా ఖర్చు కూడా ఉండదు. అయినా చేయరు.

మూడోది, ఆ పోటీకి పంపడంలో ఉద్దేశం. దేశానికి వచ్చే ఏడాది ఎన్ని సీట్లు దక్కుతాయన్నది ఈ ఏడాది వరల్డ్స్‌లో వచ్చిన స్థానాలని బట్టి ఉంటుంది. ఇద్దరు దిగితే ఇద్దరి స్థానాలూ కలిపి 13 లోపు వస్తేనే మరుసటి ఏడు మూడు సీట్లు, 28 లోపు అయితే రెండు. అలాంటి చోట ఫెడరేషన్ పడకుండా నిలిచే పిల్లని చూసుకుంటుంది. అదే చిన్న అనుభవం పోటీ అయితే ఇంకా ఎదిగే పిల్లని పంపాలి. రెండింటికీ ఒకే ట్రయల్ పెట్టి ఒకే తూకంతో తూచడం వల్లే సగం తగువులు వస్తున్నాయి.

పెద్ద దేశాల్లోనూ ఈ తగువులు మామూలే. 2014లో అమెరికా వాళ్ళ నేషనల్స్‌లో మిరాయ్ నాగాసుకి మూడో స్థానం, ఆష్లీ వాగ్నర్‌కి నాలుగు. ఒలింపిక్స్‌కి మూడు సీట్లు. పంపింది వాగ్నర్‌ని! పెద్ద రగడ అయింది. కానీ నేషనల్స్ ఒక్కటే కాకుండా అంతకుముందు ఫలితాలు కూడా చూస్తామని వాళ్ళ నియమాల్లో ముందే ఉంది, వాగ్నర్ అంతకుముందు రెండేళ్ళు వరసగా జాతీయ ఛాంపియన్. బాధ మిగిలింది గానీ మోసం అనడానికి లేకపోయింది. నాగాసు 2018లో తిరిగొచ్చి ఒలింపిక్స్‌లో ట్రిపుల్ ఏక్సెల్ వేసిన మొదటి అమెరికన్ మహిళ అయింది, అది వేరే కథ. 2022లో మళ్ళీ అదే. పదిహేడేళ్ళ ఇల్యా మాలినిన్ నేషనల్స్‌లో రెండో స్థానం తెచ్చుకున్నా మూడు, నాలుగు స్థానాల వాళ్ళని బీజింగ్ పంపారు. మాలినిన్‌ని ఆ ఏడాదే వరల్డ్స్‌కీ, వరల్డ్ జూనియర్స్‌కీ పంపారు, జూనియర్స్ గెలిచాడు. కుర్రవాణ్ణి ఆపేటప్పుడు వేరే దారి చూపించారన్నమాట. మన దగ్గర లోపించేది సరిగ్గా అదే. ఆపడం వచ్చు, ఆపిన పిల్లకి ఏం చేయాలో రాదు.

మన వైపు ఉదాహరణ కావాలంటే నిఖత్ జరీన్ ఉంది, నిజామాబాద్ అమ్మాయి. 2019లో ఒలింపిక్ క్వాలిఫయర్‌కి మేరీ కోమ్‌నే నేరుగా పంపాలని బాక్సింగ్ వాళ్ళు చూస్తే, నాకు ట్రయల్ పెట్టండి చాలు అని క్రీడా మంత్రికి ఉత్తరం రాసింది. డిసెంబర్‌లో ట్రయల్ పెట్టారు, 9-1తో ఓడిపోయింది. 2022లో, 2023లో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఓడినా ఆమె అడిగింది సరైనదే అని నేను ఇప్పటికీ మా పిల్లలకి చెప్తుంటాను, ఎందుకంటే ఆమె సీటు అడగలేదు, అందరికీ ఒకే పద్ధతి అడిగింది.

ఇక ఒక్క ట్రయల్ మీద ఆధారపడటం గురించి. పర్లాకిమిడి కుర్రాడు ఒకడు ఉండేవాడు, పద్నాలుగేళ్ళు, చక్రాల మీద. ట్రయల్ రోజు ఏ జంప్ వేసినా నిలబడింది, పూనకం వచ్చినట్టు చేశాడు. అంతకుముందు మూడు పోటీల్లో అవే జంపులు సగం పడ్డాయి. మేం ట్రయల్ ఒక్కటే చూడాలని పద్ధతి పెట్టుకున్నాం కాబట్టి వాణ్ణే పంపాం, నేనే మేనేజర్ని. అక్కడ ఆరు జంపుల్లో నాలుగు పడ్డాడు. రాత్రి హోటల్ గదిలో అన్నం ముట్టకుండా గోడకేసి తిరిగి పడుకుంటే, "నీ తప్పేం లేదురా, అది నీ మామూలు రోజే, మేమే నీ పండగ రోజు చూసి పంపాం" అని చెప్పాలనిపించింది, కానీ పిల్లాడితో అలా అనలేం కదా. ఆ తరవాత నేను కమిటీల్లో ఉన్నన్నాళ్ళూ ఒకటే మొండిపట్టు పట్టాను: మూడు పోటీల్లో మంచివి రెండు తీసుకుని లెక్క కట్టండి, అందులో నేషనల్స్‌కి కాస్త ఎక్కువ బరువివ్వండి. ఇద్దరి మధ్య తేడా రెండు మూడు మార్కులే అయితే దాన్ని తేడాగా చూడకండి, జడ్జి కుర్చీ మారితే పోయే తేడా అది. అక్కడే, అక్కడ మాత్రమే, కమిటీ తన బుద్ధి వాడొచ్చు. వాడినప్పుడు ఎందుకు వాడిందో నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టాలి. ఈ నాలుగు వాక్యాలు రాయమంటేనే చాలామంది సెలక్టర్లకి ఎక్కడలేని నిజాయితీ వచ్చేస్తుంది, నేను కళ్ళారా చూశాను.

ఆడపిల్లల విషయంలో ఇంకోటి ఉంది. పన్నెండు, పద్నాలుగేళ్ళ మధ్య ఒళ్ళు మారుతుంది. ఎత్తు పెరుగుతుంది, నడుమూ భుజాలూ వెడల్పవుతాయి, గాల్లో తిరిగే వేగం తగ్గుతుంది, నిన్నటిదాకా కళ్ళు మూసుకుని వేసిన జంప్ ఇవాళ ఎక్కడికో పోతుంది. నా దగ్గర ఒక పిల్ల పదకొండేళ్ళకే వేసిన డబుల్ ఏక్సెల్ పదమూడో ఏట పూర్తిగా పోయి పదిహేనో ఏట తిరిగొచ్చింది. ఆ మధ్య రెండేళ్ళూ ట్రయల్స్‌లో అడుగున ఉంది. జంపులే చూసే కమిటీ అలాంటి పిల్లల్ని వరసగా పారేసుకుంటుంది, ఇంకా ఎదగని చిన్న ఒంటి పిల్లల్ని ఏరుకుంటుంది, రెండేళ్ళ తరవాత వాళ్ళ జంపులూ పోతాయి. అందుకని పిల్లల సెలక్షన్‌లో స్కేటింగ్ స్కిల్స్‌ని, అంటే బ్లేడు అంచుల మీద ఎంత లోతుగా వాలుతుంది, కాలితో ఎన్ని తోపుల్లో వేగం అందుకుంటుంది, సంగీతం వింటోందా లేదా, వీటిని విడిగా తూచాలి. జపాన్ వాళ్ళు తొంభైల మొదట్లోనే నొబెయామా అనే చోట దేశమంతా తిరిగి ఏరిన చిన్నపిల్లలకి క్యాంపులు పెట్టారు. అక్కడ ఐస్ మీద జంపులతోపాటు నేల మీద పరుగు, డ్యాన్స్ కూడా చూసేవారు. తరవాత ఒలింపిక్ స్వర్ణం గెలిచిన షిజుకా అరకావా అలాంటి క్యాంపుల్లోంచే వచ్చింది.

పిల్ల నడుము నొప్పి అంటే వినండి. పదేపదే జంపులు వేసే ఈ వయసు పిల్లలకి నడుము ఎముకలో సన్నగా పగులు వస్తుంది, పాదంలోనూ వస్తుంది. సెలక్షన్ పోతుందని నొప్పి దాచే పిల్లల్ని చాలామందిని చూశాను. గాయమైన పిల్లకి పాత ఫలితాల మీద స్థానం నిలబెట్టి, ఫలానా తేదీకి ఫిట్‌నెస్ చూపించమనే వెసులుబాటు నియమాల్లో ఉంటే దాచరు. 1994లో అమెరికాలో నాన్సీ కెరిగన్ మోకాలి మీద దాడి జరిగి నేషనల్స్ ఆడలేకపోయినా ఒలింపిక్ సీటు ఇచ్చారు, అక్కడ రెండో స్థానం వచ్చిన పదమూడేళ్ళ మిషెల్ క్వాన్ స్టాండ్‌బైగా ఉండిపోయింది. కెరిగన్ రజతం తెచ్చింది.

ఇప్పుడు నా తప్పు. ఒక ట్రయల్‌లో నా శిష్యురాలే ఉంది, నేను కమిటీ కుర్చీలోంచి లేవలేదు. లేవాలని తెలుసు. ఇంకో జడ్జి రాలేదు, నేను లేస్తే ప్యానెల్ చాలదు అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. పిల్లకి మొదటి స్థానం వచ్చింది, తేడా కూడా పెద్దదే, ఎవరు కూర్చున్నా ఆమే గెలిచేది. ఒక్కరూ నమ్మలేదు. "మేడమ్ గారి కోటా" అని పేరు పెట్టారు, రెండేళ్ళు ఆ పేరుతోనే పిలిచారు దాన్ని. ఇప్పుడు దానికే ఇద్దరు పిల్లలు, ఇంటికొచ్చినప్పుడల్లా ఆ మాట ఎత్తుతుంది, నవ్వుతూనే అనుకోండి. పద్ధతి తప్పితే ఓడినవాళ్ళకే కాదు, గెలిచిన పిల్లకీ అన్యాయమే. కోచ్ గానీ బంధువు గానీ ఆ గదిలో ఉండకూడదు, ప్యానెల్ చాలకపోతే ట్రయల్ వాయిదా వేసుకోండి.

మన సరిహద్దు జిల్లాల పిల్లలకి వీటన్నిటికంటే ముందు ఇంకో సమస్య ఉంది, దాన్ని ఎవరూ సెలక్షన్ సమస్య అనుకోరు. సమాచారం. గురువారం రాత్రి వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది, ఆదివారం పొద్దున ట్రయల్ అని. రాయగడ నుంచి భువనేశ్వర్ పోవాలంటే హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి, అది మనల్ని విజయనగరం, పలాస మీదుగా ఆంధ్ర అంతా తిప్పి మళ్ళీ ఒడిశాలోకి దింపుతుంది. మూడు రోజుల ముందు బెర్త్ ఎక్కడ దొరుకుతుంది? మజ్జిగౌరమ్మకి దణ్ణం పెట్టుకుని జనరల్ పెట్టెలో కూర్చుని రాత్రంతా మెలకువగా వచ్చిన పిల్లకీ, రింక్ పక్క వీధిలో ఇంట్లో పడుకుని లేచొచ్చిన పిల్లకీ ఒకే గంట ప్రాక్టీస్ ఇచ్చి సమానంగా చూశాం అంటే ఎలా? కనీసం నెల రోజుల ముందు నోటీసు, ట్రయల్‌కి ముందురోజు ఒక ప్రాక్టీస్, ఇవి నియమాల్లో రాయాలి. ఐస్ ట్రయల్ అయితే మరీ ముఖ్యం, ఎందుకంటే పోటీ రింక్ 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు, చిన్న రింక్‌లో నేర్చుకున్న పిల్లకి ప్రోగ్రామ్ సగంలోనే ఆయాసం వచ్చేస్తుంది. చక్రాల మీంచి వచ్చిన పిల్ల అయితే ఐస్ అంచుకి అలవాటు పడటానికి మొదటి రోజు అంతా పోతుంది. చక్రాల వాళ్ళని చిన్నచూపు చూడొద్దని కూడా చెప్తాను, హైదరాబాద్ అబ్బాయి అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు తెచ్చింది చక్రాల మీదే.

రెండోది కాగితాలు. మనకి ఇంటిపేరు ముందుంటుంది, ఇక్కడి బర్త్ సర్టిఫికెట్‌లో ఒడియా పద్ధతిలో చివర రాస్తారు, స్కూల్లో ఒట్టి ఇనిషియల్ వేస్తారు, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. సెలెక్ట్ అయిన పిల్లకి పాస్‌పోర్ట్ సమయానికి రాక వెనక ఉన్న పిల్ల వెళ్ళడం నేను రెండుసార్లు చూశాను. మీరు ఇప్పుడే అన్నిట్లో పేరు ఒకటి చేసి పాస్‌పోర్ట్ తీసేయండి, పిల్లలకి ఐదేళ్ళు చెల్లుతుంది. ఇంకోటి, విశాఖ దగ్గర కదా, కోచ్ అక్కడ ఉన్నాడు కదా అని రెండు రాష్ట్రాల్లోనూ పేరు నమోదు చేయించకండి. బయటపడితే రెండు చోట్లా పోతుంది.

డబ్బు సంగతి కూడా తప్పదు. చిన్న క్రీడల్లో చాలాసార్లు ఖర్చు తల్లిదండ్రులే పెట్టుకోమంటారు. ఖర్చు ఎవరు భరిస్తారన్నది ట్రయల్ నోటీసులోనే ఉండాలి, కట్టగలరా అన్న ప్రశ్న మాత్రం జాబితా వచ్చాకే రావాలి. ముందే అడిగితే అది సెలక్షన్ కాదు, టికెట్ల అమ్మకం. జాబితాలో ఉన్న పిల్ల కట్టలేకపోతే దాతని వెతకడానికి పదిహేను రోజులైనా గడువివ్వాలి, ఆ తరవాతే రిజర్వ్ పిల్లని పిలవాలి. ఆ రిజర్వ్ పేర్లు కూడా ఒకటి, రెండు అని వరసతో మొదటి రోజే ప్రకటించాలి. చివరి వారంలో పుట్టుకొచ్చే రిజర్వ్ పేరు మీద నాకు ఎప్పుడూ అనుమానమే.

ఇప్పుడు మీరు చేయాల్సింది. కోపంగా ఫేస్‌బుక్‌లో పెట్టకండి, పాప పేరుతో అసలు పెట్టకండి. ఒక ఉత్తరం రాయండి, మర్యాదగా, ఒకటే పేజీ. మూడు అడగండి: ఈ పోటీకి ఎంపిక నియమాలు ఏ తేదీన ప్రకటించారు, మా పాప వివరమైన మార్కుల షీట్ ఇవ్వగలరా, ఆమె పేరు లేకపోవడానికి వయసు కారణమా, టెక్నికల్ మార్కు కారణమా, ఇంకేదైనానా. అంతర్జాతీయ పోటీల్లో 2016 తరవాత ఏ జడ్జి ఎంత వేశారో పేరుతో సహా బయటపెడుతున్నారు, కాబట్టి మీ షీట్ మీరు అడగడం పెద్ద గొంతెమ్మ కోరికేం కాదు. వారం పది రోజుల్లో జవాబు రాకపోతే ఫెడరేషన్ ఫిర్యాదుల కమిటీకి రాయండి. 2025లో వచ్చిన జాతీయ క్రీడల పాలన చట్టంలో ఇలాంటి తగువుల కోసం ట్రిబ్యునల్ కూడా పెట్టారు గానీ, పదమూడేళ్ళ పిల్లని పట్టుకుని అంతదాకా పోకుండా తీరితేనే మంచిది. వయసే కారణం అని జవాబొస్తే కోపం దించుకోండి, వచ్చే జూలై 1 నాటికి పాప జూనియరే, ఈలోగా నోవిస్ పోటీ ఏదైనా ఉందేమో అడగండి.

పాపకి ఏం చెప్పాలని కూడా మధ్యలో అడిగారు. ఉన్నది చెప్పండి. "నువ్వు రెండో స్థానం తెచ్చుకున్నావు, ఎందుకు పంపలేదో అడుగుతున్నాం, జవాబు వస్తే నీకూ చూపిస్తాం." పదమూడేళ్ళకి ఆ మాత్రం అర్థమవుతుంది, పెద్దవాళ్ళు గుసగుసలాడుకుంటేనే ఏదేదో ఊహించుకుంటారు.

బూట్లు దండగేం కాదు, కొనండి. కానీ ఎదిగే వయసు కదా, రెండేళ్ళు వస్తాయని ఒక సైజు పెద్దవి మాత్రం తీసుకోకండి, మడమ లోపల కదిలితే జంప్ దిగేటప్పుడు చీలమండ పోతుంది. సాయంత్రం పూట, ప్రాక్టీస్ అయ్యాక, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు రెండు కాళ్ళూ కొలిపించండి. పాత బ్లేడ్ బాగుంటే ఈసారికి అదే కొత్త బూటుకి వేయించొచ్చు, పొడవు సరిపోతుందో లేదో బిగించే మనిషి చూసి చెప్తాడు.